మ లేదు, ద లేదు

కందుకూరు కాలేజీ ల్యాబులో సోనామీటరు తీగ మీద
కాయితం ముక్కల్ని గుర్రమెక్కించేవాడు మలకొండయ్య.
పామూరు బస్సు టికెట్టు చించి, నడిమికి మడిచి,
తీగ పొడుగునా కూర్చోబెట్టి
"ఇప్పుడు చూడండబ్బాయా" అని ఫోర్కు మోగించేవాడు.
అన్నీ ఎగిరి కిందపడేవి.
ఒకటో రెండో మాత్రం
తమకేమీ తెలియనట్టు కూర్చునుండేవి.

నేను బోర్డు మీద 'అస్పందన బిందువు' అని రాసేదాన్ని.
ఆయన "కదలని చోటు" అనేవాడు.
పిల్లలకి ఆయన మాటే గుర్తుండేది.

రాత్రిళ్లు హరికథలకి ఫిడేలు.
కొండపి, సింగరాయకొండ, వలేటివారిపాలెం.
పందిట్లో ఆయన కమాను దూస్తే
దాసుగారికి మంచినీళ్లు తాగే తీరిక దొరికేది.

పోయినేడు పక్షవాతం. ఎడం చెయ్యి.
ఒంగోలు డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నాడు.
బంతి సొట్టపడలేదు.
చిన్నప్పుడు పొగాకు బేరన్ల దగ్గర
కర్రలకు ఆకు అల్లిన వేళ్లు,
తీగ మీద వాలతాయి, దిగవు.

మాఘమాసంలో చూడబోయాను.
అంకమ్మ మజ్జిగ తెచ్చింది.
"ఒకటి దొరికింది మేడం" అన్నాడు.
కమాను పట్టేది కుడిచెయ్యి, దానికేం కాలేదు.
ఎడం వేలు తీగలో మూడోవంతు దగ్గర
ఈగ వాలినంత బరువుతో ఆనించాడు.

ఖాళీ సీసా మూతిని గాలి రాసుకుపోయినట్టు
సన్నగా, ఎక్కడో పైన, పలికింది.

పాఠం నాకు తెలుసు.
వేలు ఆ స్వరాన్ని పుట్టించదు.
తీగలో అన్ని స్వరాలూ ఒకేసారి ఊగుతుంటాయి.
అక్కడ కదిలేవాటినన్నిటినీ వేలు ఆపేస్తుంది.
ముందునుంచీ అక్కడ కదలనిది మాత్రం
ఆపడానికేమీ లేక మిగిలిపోతుంది.
ఇరవై ఆరేళ్లు చెప్పాను.
వినడం అదే మొదలు.

దీన్ని మేము అనుస్వరం అంటాం.
స్టాఫ్ రూంలో నారపరెడ్డి మాస్టారు నవ్వేవారు:
"మా తెలుగులో అనుస్వరమంటే సున్నా అమ్మా,
పక్కన అక్షరం లేందే నోరు విప్పదు."

షడ్జం తీగలు రెండు, పంచమం తీగలు రెండు.
షడ్జంలో మూడోవంతుకి ప, ఐదోవంతుకి గ.
పంచమంలో మూడోవంతుకి రి, ఐదోవంతుకి ని.
అదే తీగ ఏడోవంతు దగ్గర ఒకటి పలికింది,
మ లాగే ఉంది, మ కాదు.
"ఇది మన ఊరిది కాదులే" అని దాటేశాడు.
ద అయితే ఆ పోలికా లేదు.
నాలుగు నెలలు వెతికాడట.

"స రి గ ప ని"
కుడిచేతి వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాడు.
"హంసధ్వని మేడం! నొక్కకుండానే, మొత్తం!"

గమకం లేదు. ఊపలేడు, జారలేడు.
మెట్టు మీంచి మెట్టుకి దూకుడే,
ఒక్కోసారి మధ్యలో మెట్టే ఉండదు.
కచేరీ మొదట్లో వాయించే రాగం కదా అది,
ఆ మాట ఇద్దరం అనుకోలేదు.
"మ కావాలంటే నన్ను పిలవండి,
పొద్దస్తమానం అరుస్తానే ఉన్నాగా"
అంది అంకమ్మ వంటింట్లోంచి.

పర్సులో ఒంగోలు టికెట్టు ఉంది.
చించి, మడిచి,
ఆయన వేలికి అవతల
రెండు మూడోవంతుల దగ్గర కూర్చోబెట్టాను.
ఇంకో ముక్క నట్టనడుమ.
"ఇప్పుడు చూడండబ్బాయా" అన్నాను.

కమాను కదిలింది.
నడిమి ముక్క ఎగిరి మజ్జిగ గ్లాసులో పడింది.
రెండోది అలాగే కూర్చునుంది,
ఆయన వేలు లాగా.