రెండు డిగ్రీల తేడా

రాత్రి రెండున్నర. లా సెరెనా
వాతావరణ కార్యాలయం, మూడో అంతస్తు.
హీటరు చెడి వారమైంది.
శాలువా కప్పుకుని
భూమికి జ్వరం చూస్తున్నాను.

ముప్పై ఆరు వేల కిలోమీటర్ల పైనుంచి
ఒక కన్ను పది నిమిషాలకోసారి తెరుచుకుంటుంది.
దానికి వెలుతురుతో పని లేదు.
సముద్రం, ఇసుక, కొండమీది మంచు
ఎవరి వేడి వాళ్లు విడుస్తూ ఉంటే
ఆ ఊపిర్లన్నీ పోగేసుకుంటుంది.

అక్కడ రంగుల లెక్క తలకిందులు:
ఎంత చల్లనైతే అంత తెలుపు.
ఆండీస్ అవతల, అర్జెంటీనా మైదానం మీద
ఉరుముల మేఘం కొత్త సున్నం కొట్టిన గోడలా ఉంది.
నెత్తిన మైనస్ అరవై.
దాన్ని ఎవరైనా చూస్తారు.
గొంతు పెద్దదైన వాణ్ణి సంతలో ఎవరైనా గుర్తుపడతారు.

నాక్కావలసింది కమాంచాకా,
ఈ తీరపు పొగమంచు.
ఒళ్లు నేలకి రాసుకుంటూ వస్తుంది.
సముద్రం ఎంత వెచ్చనో అదీ అంతే,
బూడిద పక్కన బూడిద.

మూడేళ్ల కిందట, కొత్తలో,
పేన్యా ముదా ఊరినుంచి రేడియోలో ఎలెయుతేరియో అడిగాడు:
"ఎర్మిందా, వస్తోందా?"
తెర చూసి చెప్పాను: "ఆకాశం నిర్మలం, పడుకో తాతా."
కాస్త ఆగి అన్నాడు:
"మరి నా మీసాల్లోంచి నీళ్లెందుకు కారుతున్నాయమ్మా?"

ఆ రాత్రి నేర్చుకున్నాను తీసివేత.
కన్ను ఒకటే, చూపులు రెండు.
పొడుగు అలల చూపుకి నీటి బొట్లు నిజం చెబుతాయి,
పొట్టి అలల చూపుకి
ఉన్నదానికన్నా కాస్త చల్లగా ఉన్నామని బొంకుతాయి.
దీంట్లోంచి దాన్ని తీసేస్తే
సముద్రం పోతుంది, తీరం పోతుంది,
మిగిలిన ఆ రెండు డిగ్రీల్లో
మంచు వేలు పెట్టి లోయని తడుముతూ కనిపిస్తుంది.
అబద్ధమే దాన్ని పట్టిస్తుంది.

వాళ్లకి వలలు రెండు రకాలు:
కింద చేపలకి, పైన గట్టు మీద గాలికి.
పదకొండు వలలు, ఒక పీపా, ఒక తూము.
తొలి నీళ్లలో ఉప్పూ దుమ్మూ ఉంటాయి, వదిలెయ్యాలి.
తర్వాతవి మేకలకి,
ఆ తర్వాతవి మనుషులకి.
అందుకే ఎవరో ఒకరు ముందుగా ఎక్కి ఉండాలి.
ఆ ఎవరో ఒకరికి డెబ్బై ఆరేళ్లు, ఎడమ మోకాలు వాపు.

ఇవాళ తేడా అర డిగ్రీ.
అర డిగ్రీ అంటే మంచు కావచ్చు,
యంత్రం గొణుగుడు కావచ్చు.
రేడియో గరగరలాడింది.
"వస్తోందా?"
"తెలీదు తాతా."
ఆయన తిట్టలేదు.
కంచరగాడిదకి జీను బిగిస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది.

తెర మీద ఆ గట్టు ఒకే ఒక్క గడి,
రెండు కిలోమీటర్ల వెడల్పు.
అందులో ఒక ముసలి ఒళ్లు, ఒక జంతువు,
ఉన్నితొడుగు కట్టిన సీసాలో టీ.
ఇవన్నీ కలిపినా సగటు కదలదు, నాకు తెలుసు.

మూడూ పదికి కొత్త బొమ్మ వచ్చింది.
ఆ గడి మీద వేలు పెట్టాను.
అద్దం చల్లగా ఉంది.