పొడి తల మీదే పెట్టాలంట

తడపకూడదు.
అదే నాకు ముందు మింగుడుపడలేదు.
నలభై మూడేళ్ళుగా తలంటంటే
ముందు చెంబుడు నీళ్ళు, తర్వాతే ఏదైనా.
ఈ సీసా మాత్రం పొడి తలకే రాయమంటుంది,
రాసి, పదిహేను నిమిషాలు
ఊరికే కూర్చోమంటుంది.

ఊరికే కూర్చోవడం
జ్ఞానాపురంలో ఎవరికి చేతనవును?
కుళాయి అయిదున్నరకొస్తుంది, ఆరుంబావుకి పోతుంది.
ఆ ముప్పావుగంటలో మూడోవంతు
నా నెత్తికి ఇచ్చేయాలంటే
బిందెల వరసలో ఎర్నమ్మతో ముందే మాటాడుకోవాలి.

"పేలా?" అనడిగింది ఆవిడ మొదట్లో,
మెల్లగానే, కాని రెండడుగులు వెనక్కేసి.
తర్వాత వేపాకు నూరిచ్చింది.
పుల్లమజ్జిగ. మెంతులు. నిమ్మచెక్క.
సింహాచలం వెళ్ళి జుట్టిచ్చేయమంది.
నిమ్మచెక్క మంట ఇప్పటికీ గుర్తే,
కళ్ళలోంచి కూడా పులుపు కారింది.

జగదాంబ దగ్గర చీరల కొట్లో పని నాది.
నేవీ బ్లూ పట్టు పరిచి
"ఈ అంచు చూడండమ్మా" అని వంగితే
నేతగాడు వెయ్యని వెండి బుటా ఒకటి
నా తలలోంచి రాలి పడేది.
అరచేత్తో తుడిచేసి
"పోర్టు దుమ్మమ్మా, ఏటి చేస్తాం" అనేదాన్ని.
ఒకావిడ నవ్వింది:
"పోర్టు దుమ్ము నల్లగా కదా ఉంటాది!"

నల్లగానే ఉంటాది. నాకు తెలీదా?
మా ఆయన గన్నయ్య పని బొగ్గు బెర్తులోనే.
మేడ మీద ఆరేసిన తెల్ల దుప్పటి
సాయంత్రానికి మాదో కాదో తెలీదు.
ఊరి మీద నల్లది రాలుతుంది,
నా భుజాల మీద తెల్లది.
ఏడాదిన్నర గోక్కుంటూ బతికాను.
గోకుడు సుఖమే, అబద్ధమెందుకు,
రాత్రి రెండింటికి
గోళ్ళ కింద నెత్తురు తగిలేదాకా
ఎంత సుఖమో.

కేజీహెచ్ చర్మం ఓపీలో డాక్టరమ్మాయి
నా పాపట్లోకి టార్చి వేసి చూసింది.
అడుగు వెనక్కి వెయ్యలేదు.
"సొరియాసిస్. అంటుకోదు" అంది.
అంటుకోదన్న మాట మళ్ళీ అంది,
ఈసారి మా ఆయన వేపు చూసి.
స్టెరాయిడ్ షాంపూ రాసి
నాలుగు వారాలు, అయిదో వారం వద్దంది.
బాగుంది కదా అని పెట్టుకుంటూ పోతే
చర్మం పల్చబడిపోతుందట.

నడినెత్తి నాకు కనపడదు.
అద్దానికెదురుగా ఇంకో అద్దం పెట్టుకుంటే
చెయ్యి ఎటు పోతోందో తెలీక
కనుబొమ్మ దాకా జారింది మందు.
అప్పుడే నైటు డ్యూటీ దిగొచ్చాడు గన్నయ్య,
కళ్ళూ పళ్ళూ తప్ప అంతా బొగ్గే.
ఇలా తే, అన్నాడు.
వంటికి పోసుకోవాల్సిన మొదటి చెంబు
చేతులకి పోసుకున్నాడు, సబ్బుతో రెండుసార్లు,
గోళ్ళ సందులు పాత బ్రష్షుతో.
పాపట తీసి, చుక్క పెట్టి,
పక్కన ఇంకో పాపట తీసి, చుక్క పెట్టి.
గూడ్సు పట్టాల మధ్య నడిచే మనిషి కదా,
గీతలు తప్పలేదు.
ఏడాదిన్నరగా నా తల
నా గోళ్ళు తప్ప ఎవరి వేళ్ళూ ఎరగదు.

గట్టు మీద పక్కపక్కనే కూర్చున్నాం.
అతనికి నలుపు వదలాలి, నాకు తెలుపు,
బకెట్టు ఒక్కటే.
ఎక్కడో ఓడ కూసింది.
మాటాడుకోవడానికేమీ లేదు, ఫోను మోగేదాకా.
ఎర్నమ్మ తన బిందె పక్కకి జరిపి
"ముందు మీరు పట్టుకోండి,
నీళ్ళెళ్ళిపోతాయి" అంది.

ఇవాళ మూడో వారం, గురువారం.
కొట్లో ఆ నీలం పట్టే పరిచాను, వంగాను.
ఏమీ రాలలేదు.
అయినా చెయ్యి దానంతటదే వెళ్ళి తుడిచింది.
"ఏటుందమ్మా అక్కడ?" అంది కొనేవిడ.
ఏమీ లేదమ్మా, అన్నాను.
సీసాలో ఇంకా రెండు వేళ్ళ మందుంది,
గడువులో పది రోజులు.
మళ్ళీ రాదని మాత్రం
డాక్టరమ్మాయి అనలేదు.