మూడో రంగు కింద

బార్దు లోయలో, గొర్రెల కొట్టంలో దొరికింది.
సీటు మీద కోడి పొదిగిన గడ్డి,
గేరు రాడ్డుకి ఎవరో తగిలించి మరిచిన మేజోడు.
వీజిల్ అంటారు దీన్ని,
ముంగిసకి మంచుదేశపు చుట్టం.

మూడు శీతాకాలాలు మా చేతులు
కిరసనాయిలు వాసనే వేశాయి.
ఓడ్వార్ ఒక్కో బోల్టునీ బతిమాలతాడు,
వినకపోతే తిడతాడు,
ఆ తర్వాత సుత్తి మాట్లాడుతుంది.

రంగు గీకడం నా పని.
పైన రైతు పూసిన ఎరుపు.
దాని కింద రెడ్ క్రాస్ వాళ్ల తెలుపు,
మంచుచరియల కింద మనుషుల్ని వెతికిన రోజులది.
ఆ కింద సైన్యపు ఆకుపచ్చ.
ఆ పచ్చలో, డ్రైవరు మోకాలు తగిలేచోట,
మేకుతో గీసిన గీతలు. పందొమ్మిది.
ఇరవయ్యోది మొదలుపెట్టి ఆపేశాడు.

సెలవు దొరికిందా? మేకు విరిగిందా?
మూడో ప్రశ్న నేను అడగలేదు.
ఓడ్వార్ వంగి చూసి, కళ్లజోడు తుడుచుకుని
"అంతమేరా వదిలెయ్, గుడ్రున్" అన్నాడు.
ఉప్పుకాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మార్చి నెలాఖరున ఇంజను దగ్గింది,
తుమ్మింది, నీలంగా ఊదింది,
పాత కోపమేదో గుర్తొచ్చినట్టు
ఒక్కసారిగా లేచింది.
మనిషి నడుం దాకా దిగబడే మంచు మీద
రెండు టన్నుల ఇనుము మునగకుండా పోతోంటే
నవ్వాపుకోలేకపోయాం.

కంచె దాకా వెళ్లాం.
అక్కడ ఎడమ పట్టా తెగింది.
రబ్బరు మా ఇద్దరికంటే పెద్దది మరి.

ఓడ్వార్ ట్రాక్టరుతో లాక్కొస్తుంటే
దారంతా
నా మోకాలి దగ్గరి ఆ సగం గీతని
వేలితో తడుముతూనే ఉన్నాను.