రంగు దిగుతుంది

కొత్తవాడల జంపఖానాల షెడ్డు ముందు
స్టూలు మీద గుండేటి రాజలింగం.
ముప్పై ఏండ్లు నూలుకు రంగులద్దిన మనిషి,
గోళ్ల కింద ఇంకా ఎన్నటిదో నీలం.

"కదలొద్దా?" అన్నడు.
"కదులు తాతా, నీళ్లు ఎట్లాగూ ఆగవు" అన్న.

బుగ్గ గుంతల జాజు రంగు పెట్టిన.
తడి కాయితం దాన్ని
గదువ దాకా ఈడ్చుకపోయింది.
నేననుకోని బెంగ ఏదో అక్కడ నిలిచింది.
తుడువబోయి, చెయ్యి ఆపుకున్న.

మే నెల. వరంగల్ ఎండల
నీటి రంగుకు ఆరే తొందర ఎక్కువ;
నుదురు పూర్తిగాకముందే
అంచులు గీతలైనయ్.
ఆ గీతలు ఆయనవే, నేను గియ్యలే.

ఎడమ కంటి పొర దగ్గర
బ్రష్షు పెట్టనే లేదు.

గిలాసల నీళ్లు పారబోయబోతే
"ఉంచు, ఇంకో చిలప ముంచొచ్చు" అన్నడు,
అని తనే నవ్విండు.

బొమ్మను చెయ్యి చాపినంత దూరం పట్టి
పనోని లెక్క చూసిండు:
"రంగు దిగుతున్నది బిడ్డా.
మా కాడైతే వాపసొస్తది. కూలి కోత."

కొంచెం సేపటికి,
తాకకుండ, వేలు
ఆ తెల్ల జాగ మీద ఆగింది.
"ఇక్కడ మాత్రం
రంగెక్కకుండ
గట్టిగ ముడేసినవ్."