నాలుగు కుర్చీల పెట్టె

డిండి దాటినంక గుట్ట మీద రేకుల గది,
గదిల గోడకు టిఫిన్ గిన్నంత పెట్టె.
అరవై నాలుగు ఎంబీల మెమరీ.
నీ ఫోనుల ఒక్క పెండ్లి వీడియోకు గూడ
సరిపోదు ఆ జాగ.
దాంతోనే అది సంపుల నీళ్లు కొలుస్తది,
తెల్లారుజాము నాలుగున్నరకు వాల్వు తిప్పి
పదకొండు తండాలకు ఇడుస్తది.
మిగిలిన ఇంత జాగల
మా కోసం నాలుగు కుర్చీలేసింది.

కుర్చీ అంటే సెషన్.
కొండమల్లేపల్లి కెల్లి నేను, దేవరకొండ కెల్లి ఎల్లేషు,
ఎవరైనా తలుపు గొట్టి తాళంచెయ్యి చూపిస్తె
చాయ్ గ్లాసు ముందల వెట్టినట్టు
ఒక షెల్లు వెడ్తది:
చెప్పు, ఏం గావాలె?

రాత్రి పన్నెండుంబావుకు కొట్టిన.
జాగ లేదన్నది.
మళ్ల కొట్టిన.
ఈసారి ఆ మాట గూడ అనలేదు.

బండి తీసిన.
పత్తి లారీల ఎనక, దుమ్ముల, ముప్పావు గంట.
సైదులు గేటు తీసిండు, మఫ్లర్ల కెల్లి అడిగిండు:
"పెట్టె చెడిపోయిందా మేడమ్?
లైట్లయితే మిణుకుతున్నయి."

సీరియల్ వైరు గుచ్చి
దొడ్డి తలుపు కెల్లి లోపలికి పోయిన.

మొదటి కుర్చీల ఎల్లేషు.
మంగళారం శ్రీశైలం బస్సుల, ఘాటు మొదట్ల,
సిగ్నల్ తెగింది.
మనిషి పోయిండు, గ్లాసు ఉన్నది.
పోయిండని పెట్టెకు ఎవరు చెప్పిన్రు?
రెండో దాంట్ల హైదరాబాద్ ఆఫీసు పిలగాడు
లాగు ఫైలు తెరిచివెట్టిండు,
వరుస మీద వరుస పారుతనే ఉన్నది
చదివెటోడు లేక.
మూడోది ఎవరో నడిమిట్ల మూసిన ల్యాప్‌టాపు,
సగం ఫైలు నోట్లె కరుసుకొని కూసున్నది.
నాలుగోది
పందొమ్మిది రోజుల కిందిది.
పేరు నాది.

యాదికొచ్చింది.
సర్వపిండి మాడువాసన వస్తుంటె లేసిన.
ఎగ్జిట్ అని ఒక్క మాట కొట్టకనే లేసిన.

నలుగుర్ని లేపిన.
నన్ను లేపుడే ఆఖరికి.
ఖాళీ మెమరీ ఒకటిన్నర ఉండె,
తొమ్మిదయ్యింది.

ఇగ కూసొని రాసిన:
నిమిషానికోసారి ఉన్నవా అని అడుగు,
మూడుసార్లు పలుకకుంటె లేనట్టే లెక్క.
పది నిమిషాలు ఉత్తగ కూసుంటె లేపు.
ఏ షెల్లుకైనా ఇంతకు మించి వడ్డియ్యకు.
పోయెటోని ఎంట వాని పిల్ల ప్రాసెస్‌లను గూడ పంపు,
జాతర్ల తప్పిపోయినట్టు తిరగనియ్యకు.
నా కోసం ఒక కుర్చీ వేరుగ ఉంచుదామా
అని చెయ్యి ఆగింది.
పందొమ్మిది రోజులు.
ఉంచలేదు.

"చెడిపోలేదు సైదులన్నా,
మేమే కూసున్నం, లేవలేదు."

ఆయన నవ్విండు.
"మా స్టాండు కాడ హోటలాయన
బెంచి కాలు ఒకటి రెండేళ్లంత కోసిండు మేడమ్.
పేపర్ సదివెటోళ్లు ఎక్కువసేపు ఆగరని."

వైరు పీకి, అందరొచ్చే తొవ్వల లాగినై చూసిన.
ఫ్లాస్కుల చాయ్ పోసిండు.
సంపు కాడికి ఎలుగుబంటి ఒచ్చిన కత చెప్పిండు,
గోడ మీద దాని గీరలు చూపిచ్చిండు.
తిరిగి చూసెవరకు
స్క్రీను నన్ను బయటికి పంపింది.
చానా మర్యాదగ, ఒక్క వాక్యంతోని.

నాలుగున్నరకు
ముందుగాల పైపుల గాలి దగ్గింది,
ఆ తర్వాత నీళ్లు.

నేను హెల్మెట్ అందుకుంటుంటె
రిజిస్టరు తెచ్చిండు సైదులు.
"వచ్చిన టైమే ఉన్నది మేడమ్,
పోయే టైము రాసిపోరి."
రాసిన.
పై వరుసలు చూసిన. పోయిన నెల,
దసరా ముందల, వానలప్పుడు రెండుసార్లు.
సంతకాలు నావే,
చివరి గడులు తెల్లగనే ఉన్నయి.
ఆ లెక్కన నేనింక
ఈ గదిలనే ఉన్న.