ఎడమ పక్క

పొద్దున ఐదూ నలభైకి
హెణ్ణూరు వంతెన దిగుతుంటే
వెనక చక్రం కింద రోడ్డు మెత్తబడింది.
ముందు రోడ్డే అనుకున్నాను.
బండి తోక ఊపడం మొదలెట్టాక తెలిసింది
గాలి పోయింది నాదేనని.

వీపున చల్లపెట్టె.
అందులో అప్పటికే ఇద్దరి నెత్తురు,
పేర్లంటించుకుని, ఐసు పక్కన బుద్ధిగా.
మూడో మనిషి చంగప్పగారు
రాత్రి ఎనిమిది నుంచీ పస్తు.
ఫోన్ చేశారు, కాఫీ తాగనా వద్దా అని.
"బందే సార్, ఐదు నిమిష" అన్నాను.
ఈ ఊళ్ళో ఐదు నిమిషాలంటే ఎంతో
ఆయనకీ తెలుసు.

నూట నలభై కిలోలు నెట్టాను.
సర్వీసు రోడ్డు చివర
పాల బూత్‌కీ ట్రాన్స్‌ఫార్మర్‌కీ మధ్య
నిలబెట్టిన పాత టైరు, దాని మీద సున్నంతో
పంక్చర్ అని మూడు భాషల్లో,
మూడింట్లోనూ తప్పే.
అంత పొద్దున్నే తెరిచి ఉండటం
నాకప్పుడు అదృష్టంలా కనిపించింది.

మునిరత్నమ్మది ముళబాగిలు.
నేను కన్నడంలో బేరం మొదలెడితే
"మదనపల్లోళ్ళ మాదిరి ఉండావు, తెలుగులోనే అడుగు" అంది.
మగవాళ్ళ చొక్కా, చేతులు పైకి మడిచి.
మోచేతి మడతలో పచ్చటి నరం, తాడంత.
కళ్ళు మూసుకుని గుచ్చొచ్చు.
నా పని అలాంటిది,
ముఖం కంటే ముందు నరం చూస్తాను.

చక్రం తిప్పుతూ
అరచేత్తో తడుముకుంటూ పోయి, ఆగింది.
కటింగ్ ప్లేరుతో ఒకటి లాగింది.
మళ్ళీ తిప్పింది. ఇంకోటి.
రెండూ ఒకే పొడవు, ఒకే తల,
తుప్పు చుక్క లేదు.
తగరపు డబ్బాలోకి విసిరింది.
పడ్డ చప్పుడు
ఖాళీ డబ్బాలో పడ్డట్టు లేదు.

నేను డబ్బా వైపు చూశాను.
నేను చూడటం ఆవిడ చూసింది.
కాసేపు కంప్రెసరొక్కటే మాట్లాడింది.

రంపపు సూదితో కన్నం ఇంకా పెద్దది చేసింది.
అలా చేస్తేనే పూడుతుందట,
మా కోర్సులో చెప్పలేదది.
జిగురు రాసిన రబ్బరు వత్తి మడిచి
మోకాలి బలంతో పొడిచి, చటుక్కున లాగింది.
మిగిలిన కొస బ్లేడుతో కోసి
వేలికి ఉమ్మి అద్దుకుని రాసింది.
బుడగ రాలేదు.
నేనైతే దూది పెట్టి, చేయి మడవమంటాను.

"రెండొందల నలభై."
"కన్నానికి నూట ఇరవయ్యా!"
"మేకుకి, నాయనా."
ఫోన్లో డబ్బు కొడుతుంటే
ఎవరో మగవాడి పేరొచ్చింది.
"మా మరిది" అంది, అడక్కుండానే.

హెల్మెట్ పెట్టుకుని స్టార్ట్ చేశాను.
అప్పుడు దగ్గరికొచ్చింది,
కొట్లో ఎవరో నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి:
"వంతెన దిగేటప్పుడు ఎడం పక్క రావద్దప్పా.
కుడి పక్కే రా.
తెల్లారుజామున మాత్రం."

చంగప్పగారు గుమ్మం దగ్గరే కూర్చున్నారు
చొక్కా చేయి పైకి లాక్కుని.
ఎదురుగా కాఫీ, మీద సాసరు మూత.
చీమ కుట్టినట్టుంటుంది సార్ అన్నాను
ఎప్పుడూ అనేదే.
నరం మొదటిసారి దొరకలేదు.

నెల దాటింది.
కుడి పక్కే దిగుతున్నాను.
నా చక్రానికేమీ కాలేదు.
ఆఫీసు గ్రూపులో రాద్దామని రెండుసార్లు
ఫోన్ తీశాను. ఏమని రాయాలి?
ఒక ముసలావిడ నాకు మంచి చేసిందనా?

ఎడమ పక్క
వారానికి ఇద్దరు ముగ్గురు నెట్టుకుంటూ కనిపిస్తారు.
నిన్న ఒక పూలబ్బాయి,
బండికి రెండు వైపులా చేమంతి మూటలు,
మార్కెట్లో తడిపిన నీళ్ళు ఇంకా కారుతున్నాయి.
పంక్చర్ షాపు ఎక్కడన్నా అని అడిగాడు.

బండి ఆపాను.
వేలు చాపి
ఆ పాత టైరు నిలబెట్టిన చోటు
చూపించాను.