ఏడుంబావు పడవ

మూస నాది కాదు.
ఎక్కడో మంచు కురిసే ఊళ్లో
ఎడమ చెయ్యి పట్టుకుని నడక నేర్చిన పేజీ అది.
ఎడమన పేరు, ఎడమన బొమ్మ,
ఎడమ అంచుకి పదహారు చుక్కల ఖాళీ.
ఉచితంగా వచ్చిందని పడవల ఆఫీసువాళ్లు తెచ్చి
మన అక్షరాలు పోసి ఇమ్మన్నారు.

పోశాను.
నీళ్లయితే ఏ గిన్నెలోనైనా సర్దుకునేవి.
కుడి నుంచి బయల్దేరాల్సిన మా తానా లిపి
ఎడమ గోడకి వీపు ఆనించి
పరాయింటి చుట్టంలా బిక్కుబిక్కుమంటూ నిలబడింది.
అక్షరాల నెత్తిన ఉండే అచ్చుల గీతలు
ఇరుకు వరసల మధ్య సగానికి తెగాయి.
పూర్ణవిరామం వాక్యం ముందుకొచ్చి కూర్చుంది,
వడ్డించకముందే చెయ్యి కడిగేసుకున్నవాడిలా.
పర్లేదులే అనుకున్నాను.
మనుషులు సర్దుకుంటారు కదా.

ఆ మంగళవారం ఫెహిదూ దీవిలో
కంబుళో మామ్మ
కళ్లడాక్టరు చీటీ కొంగున ముడేసుకుని
మనవడి ఫోనులో వరస చదివింది,
కుడి నుంచి, చదవాల్సినట్టే:
ఫెహిదూ, బాణం, మాలే, ఏడుంబావు.
బాణం మాత్రం కుడికే తిరిగి ఉంది.
పుట్టినూరి అలవాటు మానలేదు.
అయితే ఇది మాలే నుంచి ఇటొచ్చే పడవ,
అటెళ్లేది కింది వరసలో మూడున్నరకి,
అనుకుని కోళ్లకి గింజలు చల్లుతూ కూర్చుంది.
ఏడుంబావుకి కూత ఇంటిదాకా వినపడింది.
వస్తోంది కాబోలు అనుకుంది.
వెళ్తోంది.

కళ్ల పరీక్ష మళ్లీ రెండు నెలలకి గాని దొరకలేదు.
నన్నేమీ అనలేదు మామ్మ.
"బాణం అటు చూసింది, నేనూ అటే చూశాను" అంది.

ఆ రాత్రి కూర్చున్నాను.
మూస లోపల ఎడమ అన్న మాట
మూడు వందల పన్నెండు చోట్ల ఉంది.
ఒక్కోటీ కొట్టేసి "మొదలు" అని రాశాను,
కుడి ఉన్నచోట "చివర".
ఎంత చిన్న పని!
ఎడమ ఒక చేతిది. మొదలు ఎవరిదైనా.
ఏ భాష వచ్చి కూర్చున్నా
తన మొదలు తనే వెంట తెచ్చుకుంటుంది.

నూట తొంభై దగ్గర ఓపిక చచ్చింది.
మొత్తం పేజీని అద్దంలోకి తిప్పేసే
ఒకే ఒక్క వాక్యం రాసి పడుకున్నాను.

పొద్దున్నే సరంగు జుహైర్ ఫోను.
భద్రత బొమ్మలో ఎర్రదీపం పడవకి కుడిపక్కన ఎక్కిందట,
పచ్చదీపం ఎడమకి.
గడియారం వెనక్కి తిరుగుతోందట.
"షిఫాజా, నువ్వు భాషని తిప్పావా,
సముద్రాన్ని తిప్పావా?"
నవ్వుతూనే అన్నాడు. నా చెవులు కాలాయి.

మళ్లీ మొదటికొచ్చాను.
బాణం తిరగాలి, దీపాలు వద్దు.
వెనక్కెళ్లే మీట తిరగాలి, గడియారం ముల్లు వద్దు.
అంకెలది మరీ విడ్డూరం.
కుడి నుంచి సాగే వాక్యం నడుమ
టెలిఫోను నంబరొక్కటీ ఎదురీదుకుంటూ పోతుంది,
దాన్ని ఆపకూడదు.
మా తొలి అక్షరాలు ఒకప్పుడు అంకెలేనని
తాతయ్య చెప్పేవాడు:
ఒకటీ రెండూ మూడూ
దారి మార్చుకుని హల్లులయ్యాయని.
ఆయన ఉంటే అడిగేదాన్ని,
అవి అలా మళ్లుతున్నప్పుడు
ఎవరైనా పడవ తప్పారా అని.

ఇప్పుడు బాణం సరిగ్గానే ఉంది.
రెండో చీటీ నాటికి మామ్మ చూపు ఇంకా మసకేసింది.
వరస మనవడే చదివి వినిపించాడు.
ఆవిడకి బాణంతో పనే పడలేదు.

ఒక్కటి మిగిలింది.
శుక్రవారం పడవ లేదు అని
బ్రాకెట్లలో పెట్టిన మాట ఒకటుంది.
దాని చివరి బ్రాకెట్టు ఎంత చెప్పినా వినదు,
అవతలికి పోయి
బయటికి మొహం పెట్టి నిలబడుతుంది.
రేపు చూస్తాను.
రేపు శుక్రవారం.